ర్యాకు దాకా దిగిన మీటరు

నంద్యాల, ఆళ్లగడ్డ పొలాల్లో బోరుకు బిగించే ఐదు హార్స్‌పవర్ల మోటారు సామర్థ్యం దాదాపు 3.7 కిలోవాట్లు. కృత్రిమ మేధ కోసం ఎన్‌విడియా తెచ్చిన జీబీ200 ఎన్‌వీఎల్72 అనే ఒక్క ర్యాకుకు (కంప్యూటర్లు పేర్చిన బీరువాకు) సుమారు 120 కిలోవాట్లు కావాలి. అంటే అది 32 మోటార్ల పెట్టు. పొలం గట్టు మీది 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఆ ఒక్క ర్యాకును కూడా మోయలేదు. డేటా సెంటరులో ర్యాకు ఎంత లాగుతోందో ఎప్పటికప్పుడు తెలుస్తుంది. మోటార్లు ఎంత లాగాయో మాత్రం ఏడాది గడిచినా అంచనాయే. ఈ తేడాకు కారణం యంత్రాల్లో లేదు, మీటరును ఎందుకు పెట్టుకున్నామన్న దాంట్లో ఉంది.

మీటరు పుట్టింది బిల్లు కోసం. 1880లలో ఎడిసన్ వాడిన మీటర్లో తిరిగే చక్రమే లేదు. ద్రావణంలో ముంచిన జింకు పలకలుండేవి. కరెంటు పారేకొద్దీ ఒక పలక అరిగి, మరొకటి బరువెక్కేది. నెలకోసారి మనిషి వచ్చి పలకలు పట్టుకెళ్లి, తూచి, బిల్లు వేయించేవాడు. 1889లో బుడాపెస్టులోని గాంజ్ కంపెనీ ఇంజినీరు ఓటో బ్లాతీ ఏసీ కరెంటుకు యూనిట్ల మీటరు తెచ్చాడు. పళ్లెం తిరిగే మీటర్లు ఆ దారిలోనే మన గోడలెక్కాయి. ఎవరు ఎంత కట్టాలన్నదే వాటన్నిటి పని. అందుకే బిల్లు పోయిన చోట మీటరూ పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 1982లో వ్యవసాయానికి మీటరు లెక్క తీసేసి, హార్స్‌పవరుకు ఇంతని శ్లాబు పెట్టారు. 2004లో చాలామంది రైతులకు కరెంటే ఉచితమైంది. మీటరు లేనిదే సరఫరా కూడదని 2003 విద్యుత్ చట్టం 55వ సెక్షన్ చెబుతున్నా, ఎంపిక చేసిన కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల రీడింగు నుంచి మొత్తం వ్యవసాయ వాడకాన్ని అంచనా వేసే పద్ధతే నడిచింది. దాంతో నీళ్లు తోడిన యూనిట్లెన్ని, లైన్లలో ఆవిరైనవెన్ని, దొంగతనంగా పోయినవెన్ని అన్నది కచ్చితంగా విడదీయడం కష్టమైంది.

డేటా సెంటర్లు మొదట్లో ఇంతకంటే మెరుగేమీ కాదు. భవనానికంతా కలిపి ఒక మీటరు, ఒక బిల్లు. కదలిక 2007లో వచ్చింది. 2006లో అమెరికా డేటా సెంటర్లు 6,100 కోట్ల యూనిట్లు వాడాయని, అది ఆ దేశ వాడకంలో ఒకటిన్నర శాతమని అక్కడి పర్యావరణ సంస్థ కాంగ్రెసుకు నివేదించింది. అదే ఏడాది గ్రీన్ గ్రిడ్ అనే పరిశ్రమల కూటమి పీయూఈ కొలమానాన్ని ముందుకు తెచ్చింది. భవనం మొత్తం వాడకాన్ని కంప్యూటర్ల వాడకంతో భాగించడమే పీయూఈ. చల్లదనానికి ఎంత ఖర్చవుతోందో అది చెప్పింది కానీ, పని లేక ఊరికే తిరిగే సర్వర్ల సంగతి చెప్పలేదు. పైగా వాటిని ఆపేస్తే భాజకం తగ్గి, కరెంటు ఆదా అయినా పీయూఈ చెడ్డగా కనిపించవచ్చు. ఇక గూగుల్ ఇంజినీర్లు 2007లోనే ఒక అధ్యయనంలో అసలు కిటుకు చూపించారు. వేల సర్వర్ల గుంపు మొత్తం ఒకేసారి గరిష్ఠానికి చేరదు, కానీ ఒక ర్యాకు మాత్రం దాని అంచు దాకా వెళ్లగలదు. భవనం మీటరు నిశ్చింతగా ఉన్నప్పుడే ఒక ర్యాకు బ్రేకరు పడిపోవచ్చు. ర్యాకు వెనక నిలువుగా బిగించే పవర్ స్ట్రిప్‌లో మీటరు ఇమిడింది ఈ అవసరానికే. ఏ ఫేజులో ఎన్ని ఆంపియర్లో అది చూపుతుంది. ర్యాకుకు రెండు ఫీడ్లు ఉంటే ఒక్కోటీ సగం లోపే ఉండాలి. ఒకటి పోతే రెండోది మొత్తం భారం మోయాలి కదా.

సర్వర్లే తమ వాడకం చెప్పుకుంటున్నాయి, మళ్లీ ఈ మీటరు ఎందుకనే ప్రశ్న సబబే. కానీ పాత సర్వర్లు, స్విచ్‌లు అన్నీ చెప్పవు. స్థలం అద్దెకిచ్చే డేటా సెంటరుకైతే అద్దెదారు యంత్రం లోపలికి చూసే హక్కే ఉండదు. దీనికంటే బరువైన అభ్యంతరం రైతుది. ఇవాళ మీటరు పెడితే రేపు బిల్లు రాదా? మీటరు చరిత్ర చూస్తే ఈ భయాన్ని కొట్టిపారేయలేం. అందుకే ర్యాకు నేర్పే పాఠం ప్రతి మోటారుకూ మీటరు పెట్టమని కాదు. తీగ కాలే చోట, సరిదిద్దే మనిషి చేయి అందే చోట కొలవమని. పొలంలో ఆ చోటు ట్రాన్స్‌ఫార్మరు. అక్కడి రీడింగు ఏ రైతు పేరునా బిల్లు కాదు, ఏ ఫేజు మీద భారం ఎక్కువైందో లైన్‌మన్‌కు మాత్రం ముందే చెబుతుంది. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే తడి అందక ఎండేది రైతు పైరే.

నంద్యాల జిల్లా కరెంటు పండించే నేల కూడా. శ్రీశైలం కుడిగట్టు కేంద్రం సామర్థ్యం 770 మెగావాట్లు. పాణ్యం మండలం పిన్నాపురంలో గ్రీన్‌కో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ చేపట్టింది. విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో డేటా సెంటరు పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. డేటా సెంటర్లూ పొలాలూ ఒకే గ్రిడ్డు మీద పోటీపడే రోజు వస్తే, అంకె చేతిలో ఉన్నవాడి మాటే చెల్లుతుంది. ఒకరి దగ్గర ర్యాకు ర్యాకుకూ లెక్క, మరొకరి దగ్గర అంచనా ఉంటే బేరం సమానంగా సాగదు. ట్రాన్స్‌ఫార్మరు మీటరు, బిల్లుతో ముడిపెట్టనంత కాలం, రైతుకు వ్యతిరేకం కాదు. రైతు వాటాకు అదే రుజువు.