గూడు బండిలో కేజన్ దేశానికి



తరువాతి వ్యాసం రాణి మంగమ్మ గారి సత్రాల గురించి అని మాట ఇచ్చి ఉన్నాము. అది కొంచెం ఆగాలి. కారణం మా అబ్బాయి. హ్యూస్టన్‌లో ఉన్న వాడు, వచ్చే చలికాలం మమ్మల్ని ఇద్దరినీ పిలిపించుకొని, ఆర్వీ బండి అద్దెకు తీసుకొని, పక్క రాష్ట్రమైన లూసియానాలో కేజన్ వాళ్ళ ఊళ్ళన్నీ పది రోజులు తిప్పి చూపిస్తానంటున్నాడు. "నాయినా, బండి నేను తోలతాను, టైమ్‌టేబుల్ మీరు వేయండి" అన్నాడు. రైల్వేలో గుమాస్తాగా తల నెరిసినవాళ్ళకు ఈ మాట చాలు. రెండు నెలలుగా మ్యాపులు, చరిత్ర పుస్తకాలు ముందు వేసుకొని కూర్చొన్నాము.

ఆర్వీ అంటే ఏమని మా ఇంటావిడ అడిగింది. గూడు బండి అన్నాము. మా తాతల కాలంలో ఆడి నెల కడపటి శుక్రవారానికి ఇరుక్కంగుడి మారియమ్మ దగ్గరికి గూడు బండ్లు కట్టుకొని పోయేవాళ్ళు. బియ్యం, పప్పు, కుండలు, పరుపు, పిల్లకాయలు అన్నీ అందులోనే. ఏటి ఒడ్డున బండి విప్పితే అదే ఇల్లు. ఇప్పుడు ఎద్దుల జాగాలో ఇంజను వచ్చింది, అంతే. లోపల పొయ్యి, మంచం, కక్కూసు అన్నీ ఉంటాయి. రాత్రి పార్కులో నిలిపి కరెంటు తీగ, నీళ్ళ గొట్టం తగిలించుకోవాలి. వాడిన నీళ్ళ తొట్టిని దానికని ఉన్న చోటనే ఖాళీ చేయాలి. ఈ కడపటి పని ఎవరిదని మాత్రం ఇంట్లో ఇంకా తేలలేదు.

ఇక కేజన్ వాళ్ళు ఎవరు? ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

కెనడా తూర్పు తీరంలో, ఈనాడు నోవా స్కోషియా అనే చోట, 1604 మొదలు ఫ్రాన్సు నుంచి రైతులు వచ్చి కాపురం పెట్టారు. ఆ సీమకు ఎకేడియా అని పేరు. సముద్రపు పోటుకు మునిగే ఉప్పు నేలలకు కట్టలు కట్టి, కట్ట అడుగున ఒక మరతలుపు పెట్టారు. ఆటు వేళ లోపలి నీళ్ళు బయటికి పోతాయి, పోటు వేళ సముద్రం నీళ్ళు లోపలికి రావు. అట్ల ఉప్పంతా కడిగి పంట నేల చేసుకొన్నారు. కరిసల్ నేలలో కమ్మాయి గట్టు చూసి పెరిగిన మాకు ఈ సంగతి చదవగానే వాళ్ళ మీద ఒక మర్యాద పుట్టింది.

1713లో ఆ సీమ ఇంగ్లీషు వాళ్ళ చేతికి పోయింది. రాజుకు షరతు లేకుండా ప్రమాణం చేయమన్నారు. మేము ఎవరి పక్కనా ఆయుధం పట్టము అని వీళ్ళన్నారు. నలభై ఏళ్ళు అట్లనే గడిచింది. 1755లో గవర్నరు చార్లెస్ లారెన్స్ వీళ్ళందరినీ ఓడ ఎక్కించేయమని నిర్ణయం చేశాడు. ఆ సెప్టెంబర్ 5వ తేదీ గ్రాన్ ప్రే అనే ఊళ్ళో మగవాళ్ళను, పదేళ్ళు దాటిన మగపిల్లలను చర్చిలోకి రమ్మని పిలిచి, 418 మంది లోపల చేరాక తలుపులు మూసి, జాన్ విన్‌స్లో అనే సైన్యాధికారి ఆజ్ఞ చదివించాడు. భూములు, ఇండ్లు, పశువులు రాజుకు జప్తు. చేతి డబ్బు, మోసుకోగలిగిన సామాను మాత్రం తీసుకొని పోవచ్చు.

తరువాతి ఎనిమిదేళ్ళలో పదివేలకు పైగా మనుషులను అక్కడి నుంచి తోలేశారు. అమెరికా తూర్పు తీరంలో ఉన్న ఇంగ్లీషు వలసలలో కొంచెం కొంచెంగా దించారు. వర్జీనియా మాకొద్దంటే వాళ్ళను ఇంగ్లండుకు పంపారు. కొందరు ఫ్రాన్సు చేరి అక్కడా నిలదొక్కుకోలేకపోయారు. దారిలో జబ్బు చేసి చచ్చినవాళ్ళు ఎంతోమంది. పార్సెల్ ఆఫీసులో ఒక మూట తప్పు బండిలో పోతేనే మాకు ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. ఇక్కడ మొగుడొక ఓడలో, పెండ్లామొక ఓడలో పోయిన కుటుంబాలు ఉన్నాయి.

లూసియానాకు వీళ్ళను ఎవరూ పంపలేదు, వీళ్ళే వెతుక్కొని వచ్చారు. 1765 ఫిబ్రవరిలో బోసోలే అనే మారుపేరున్న జోసెఫ్ బ్రూసార్డ్ సుమారు 200 మందితో న్యూ ఆర్లీన్స్ చేరి, అక్కడి నుంచి పడమటి పక్క బయూ టెష్ ఒడ్డుకు పోయాడు. బయూ అంటే మందంగా పారే వాగు. ఆయన ఆ ఏడాదే జ్వరంతో పోయాడు, ఊళ్ళు మాత్రం నిలిచాయి. 1785లో ఫ్రాన్సు నుంచి ఏడు ఓడలలో సుమారు 1600 మంది వచ్చి కలిశారు. అకాడియెన్ అనే పేరు నోటిలో అరిగి కాడియెన్ అయింది, అది ఇంగ్లీషు వాళ్ళ చెవిలో కేజన్ అయింది. మన ఇంటిపేర్లు అరవంలో రాసి రాసి ఏమైనాయో మీకు వేరే చెప్పాలా?

ఇప్పుడు మా పయనం. హ్యూస్టన్ నుంచి తూర్పుగా ఐ-10 రోడ్డు పట్టుకొంటే లాఫయెట్‌కు సుమారు 350 కిలోమీటర్లు. ఒక్క పూట దారి. కాని మేము మొదట క్రౌలీలో ఆగాలన్నాము. అబ్బాయికి అర్థం కాలేదు, అక్కడ చూడటానికి ఏముంది అన్నాడు. ఉండేది బియ్యం మిల్లులు, రైలు పట్టాలు. 1880లో టెక్సాస్‌కూ న్యూ ఆర్లీన్స్‌కూ రైలు కలిసింది. ఆ పట్టాల వెంట ఉత్తరాది గోధుమ రైతులు వచ్చి, గోధుమ కోసే యంత్రాలను వరికి వాడుకోవచ్చని కనిపెట్టారు. అంతవరకు బురదలో చల్లి, దేవుడు వాన ఇస్తే కోసుకొనే వరి, పదేళ్ళలో వ్యాపారం అయింది. రైలు కోసమే 1887లో పుట్టిన ఊరు క్రౌలీ. పక్కనే రేన్ అనే ఊరైతే, రైలు దూరంగా పోయిందని ఊరే లేచి పట్టాల దగ్గరికి నడిచి వచ్చింది. మా సర్వీసులో స్టేషన్ మార్చమని అర్జీలు ఎన్నో చూశాము, ఊరిని మార్చుకొన్నవాళ్ళను చూడలేదు. ఆ దారిలో ఈనాటికీ సన్‌సెట్ లిమిటెడ్ అనే బండి వారానికి మూడు నడలు పోతుంది.

వరి గురించి ఇంకొకటి. కోత అయినాక మడిని ఎండబెట్టరు. మళ్ళీ నీళ్ళు పెట్టి క్రాఫిష్‌ను పెంచుతారు. ఇది మంచినీటి రొయ్య వంటిది, ముందర రెండు పిడికళ్ళు ఉంటాయి. వరి మోళ్ళు కుళ్ళి అదే దానికి మేత. ఒకే మడిలో అన్నమూ, అన్నంలోకి కూరా! చలికాలంలో పట్టడం మొదలుపెడతారు, జనవరిలో పొడి సైజు, ధర ఎక్కువ. ఫిబ్రవరి దాటితేనే బాగుంటుందట. పెద్ద గుండిగలో మిరపపొడి, మొక్కజొన్న, ఉర్లగడ్డతో ఉడకబెట్టి, బల్ల మీద పేపరు పరిచి కుమ్మరిస్తారు. దీనికి రాజధాని బ్రో బ్రిడ్జ్. 1959లో ఆ రాష్ట్ర శాసనసభే ఆ బిరుదు ఇచ్చింది.

కేజన్ వాళ్ళ తిండికి ప్రాణం అన్నం. గంబో అనే పులుసు అన్నం మీద పోసుకొనేదే. దానికి మొదట పిండిని నూనెలో వేసి, ఎర్రమట్టి రంగు దాటి కాఫీ గింజ రంగు వచ్చేదాకా తిప్పాలి. అదిరసానికి పాకం పట్టేటప్పుడు మా అమ్మ పొయ్యి దగ్గర ఎవరినీ మాట్లాడనిచ్చేది కాదు. ఇదీ అంతేనట, నిమిషం చూపు తిప్పితే మాడుతుంది. గంబో అనే పేరే ఆఫ్రికా భాషల్లో బెండకాయకు ఉన్న పేరు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా వాళ్ళ చేతి వంట అది. బెండకాయ లేని కాలంలో చిక్కదనానికి చల్లే ఆకుపొడి చోక్టా అనే ఆదివాసుల నుంచి వచ్చింది. కేజన్ వంట అని ఒకే పేరు పెట్టుకొన్నా, కుండలో ఎంతమంది ఉన్నారో చూడండి. సాంబారు ఎవరిదని మన గుంపులో జరిగిన కొట్లాట గుర్తు చేసుకొని ఇంతటితో ఆపుతున్నాము.

బూడాన్ అని ఒకటుంది. అన్నమూ పంది మాంసమూ కలిపి పేగులో కూరి ఉడికించేది. చలికాలంలో ఊరంతా కూడి పందిని కోసి పంచుకొనే వాడుక నుంచి వచ్చింది, ఐస్ పెట్టెలు లేని కాలంలో ఎండాకాలం కోస్తే నిలవదు కదా. మా ఇంటావిడ పంది ముట్టదు. రొయ్య పెట్టి చేసే బూడాన్ కూడా ఉందని తెలిశాక ఆమె సరే అంది. అసలు చిక్కు శనివారం. యూనిస్ అనే ఊళ్ళో 1924లో కట్టిన లిబర్టీ థియేటరు ఉంది, అక్కడ ఫ్రెంచిలో మాటలు, పాటలు శనివారం సాయంత్రమే. సావోయ్ వాళ్ళ అకార్డియన్ అంగడిలో ఊరివాళ్ళు కూడి వాయించేదీ శనివారం పొద్దునే. మాకేమో పెరుమాళ్ళ శనివారం, నీచు లేదు. పాట వింటే వ్రతం చెడదు కదా అని తీర్మానం చేసుకొన్నాము.

సెయింట్ మార్టిన్‌విల్‌కు రెండు రోజులు పెట్టాము. దగ్గరలో లేక్ ఫోస్ పాయింట్ అనే రాష్ట్ర పార్కులో బండి నిలుపుకోవచ్చు. ఆ ఊళ్ళో బయూ ఒడ్డున ఎవాంజెలిన్ చెట్టు ఉంది. 1847లో లాంగ్‌ఫెలో రాసిన కావ్యంలో, పెండ్లి వేళకు ఊరు చెదిరి, ఎవాంజెలిన్ తన గేబ్రియెల్‌ను ముసలితనం వరకు వెతుకుతుంది. ఆ కవి ఎకేడియా చూడలేదు, లూసియానా చూడలేదు, రాసింది ఇంగ్లీషులో. అయినా తమ కథ లోకానికి తెలిసింది ఆ పుస్తకంతోనే అని కేజన్ వాళ్ళు చెట్టుకు పేరు పెట్టారు, విగ్రహం నిలిపారు. మనకూ ఒకటుంది. కోవిల్‌పట్టి పక్క ఇడైసెవల్‌కు చెందిన కి. రాజనారాయణన్ గారు 1976లో గోపల్ల గ్రామం రాశారు. తెలుగుదేశం విడిచి దక్షిణానికి నడిచి వచ్చిన మనవాళ్ళ కథ. రాసింది అరవంలో. మేము చదివిందీ అరవంలోనే, ఎందుకంటే అప్పుడు మాకు వేరే అక్షరాలు రావు.

1921లో లూసియానా రాజ్యాంగం బడిలో ఇంగ్లీషు ఒక్కటే అంది. ఇంట్లో ఫ్రెంచి తప్ప వినని పిల్లలు, కక్కూసుకు పోవాలని ఇంగ్లీషులో అడగడం తెలియక లాగులో పోసుకొన్న కథలు ఎంతోమంది పెద్దలు చెప్పారు. ఫ్రెంచి మాట్లాడితే దెబ్బలు, మోకాళ్ళ మీద నిలబెట్టడం, "బడిలో ఫ్రెంచి మాట్లాడను" అని వందలసార్లు రాయించడం. ఆ పిల్లలు పెద్దవాళ్ళై, మా బిడ్డలకు ఈ అవమానం వద్దని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడారు. ఒక్క తలకట్టులో భాష జారింది. 1968లో జేమ్స్ డోమెంజో అనే వకీలు ముందుండి ప్రభుత్వం చేత ఫ్రెంచి కోసం ఒక సంస్థను పెట్టించాడు. ఫ్రాన్సు, బెల్జియం, క్విబెక్ నుంచి పంతుళ్ళను తెచ్చారు. పిల్లలు ఫ్రెంచి నేర్చుకొని ఇంటికి పోతే అవ్వ మాట వేరే, పుస్తకం మాట వేరే!

ఈ చోట మేము పుస్తకం మూసి చాలాసేపు కూర్చొన్నాము. పోలిక తూచి చెప్పాలి. మమ్మల్ని బడిలో తెలుగుకని ఎవరూ కొట్టలేదు. అడగను కూడా అడగలేదు. ఇంట్లో తెలుగు, బడిలో అరవం, రైల్వేలో ఇంగ్లీషు అని ఏ పెట్టెలోది ఆ పెట్టెలో పెట్టుకొన్నాము. నలభై ఏళ్ళు దాటాక సంఘం ఆదివారం తరగతిలో క, ఖ, గ, ఘ అని నాలుగు ఉన్నాయని తెలిసినప్పుడు, ఒక్క క తో బతికినవాళ్ళం, బెదిరిపోయాము. మా అవ్వ "ఉండాది" అనేది, "పోతా ఉంటిమి" అనేది. అది తప్పు తెలుగు అని మేమే నవ్వుకొన్నాము, ఆమె ఉండగానే. ఆమె మొగము ఎట్ల అయిందో ఇప్పుడు గుర్తుకొస్తుంది.

మనవడికి తొమ్మిదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో చెప్తాడు. కొట్టినవాళ్ళు లేరు ఇక్కడా.

2003లో కెనడా ప్రభుత్వం రాణి ఎలిజబెత్ పేర ప్రకటన చేసి, 1755లో జరిగింది ఒప్పుకొంది, జూలై 28ని స్మరణ దినంగా పెట్టింది. దానికి మొదటి అర్జీ పెట్టింది లూసియానా కేజన్ వకీలు ఒకాయన, వారెన్ పెర్రిన్. జరిగిన 248 ఏళ్ళకు వచ్చిన జవాబు! మన పెన్షన్ అర్జీలు నయం.

తేదీలకు వస్తాము. 2027లో మార్డీ గ్రా ఫిబ్రవరి 9న వస్తుంది. ఆ రోజు యూనిస్, మామూ పక్కల ముసుగులు వేసుకొని గుర్రాల మీద ఇంటింటికీ పోయి గంబోకు సామాన్లు అడుక్కొంటారు, ఇంటివాళ్ళు కోడిని ఎగరేస్తే బురదలో పడి పట్టుకోవాలి. మారియమ్మకు అంబలి పోయడానికి ఇంటింటా గింజలు అడిగేది తలచుకోండి, దానికి కొంచెం సారాయి కలపండి. అబ్బాయి జనవరి చాలు, గుంపు ఉండదు, పార్కు సులభంగా దొరుకుతుంది అంటాడు. జనవరిలో రాత్రి 5, 6 డిగ్రీలు, పగలు 16, 17. దోమ లేదు, మొసళ్ళు మబ్బుగా పడి ఉంటాయి, కాని క్రాఫిష్ చిన్నది. మేము జనవరి 30 శనివారం బయలుదేరి ఫిబ్రవరి 9 సాయంత్రం యూనిస్‌లో ముగించే జాబితా వేశాము. మధ్యలో ఏవరీ ఐలండ్, 1868 నుంచి టబాస్కో మిరప సాసు చేసే ఉప్పు గుట్ట. లాఫయెట్ తూర్పున అచాఫలాయా చిత్తడి మీద 29 కిలోమీటర్ల వంతెన, ఒకసారి పోయి తిరిగి రావడమే.

సెయింట్ మార్టిన్‌విల్‌లో స్మారక గోడ మీద వచ్చిన వాళ్ళ పేర్లన్నీ చెక్కి ఉన్నాయి. ఆ గోడ ముందర మనవడి చేత తన పేరు తెలుగులో రాయించాలని మా ఇంటావిడ అక్షరాల పుస్తకం పెట్టెలో పెట్టింది. పయనానికి ఇంకా చాలా రోజులు ఉన్నాయి, వీడియో కాల్‌లో అప్పుడే మొదలుపెట్టింది. నిన్న వాడు "అ" రాసి చూపించాడు. తిరగేసి రాశాడు.

చలికాలంలో ఆ పక్క పోయి వచ్చినవాళ్ళు మనలో ఎవరైనా ఉంటే పార్కుల సంగతి రాయండి. మంగమ్మ గారి సత్రాలు వచ్చే నెల.