మబ్బును, ఊపిరియు: ఉబ్బసరోగ చరిత్రము

ఆషాఢమేఘము కనబడగానే కాపు నాగలి సవరించుకొనును. పిల్లలు వాకిట గంతులు వేయుదురు. ఆ సమయముననే యేదో యొక యింటి నడిమిగదిలో నొక ముసలితల్లియో, యొక పడుచుపిల్లయో మంచపుపట్టెను రెండుచేతులతో బట్టుకొని, ముందునకు వంగి, ఒక్కొక్క యూపిరికై పెనగులాడుచుండును. ఉబ్బసరోగికి పంచాంగ మక్కరలేదు. వాన రాకమునుపే వానకబురు రొమ్మునకు దెలియును. ఈ సంబంధమును మానవులు వేలయేండ్లనుండి యెఱుగుదురు. కాని గాలిలో నేమున్నదని పట్టుదలతో నడుగుటకు చాలకాలము పట్టినది. అట్లడిగినవారిలో గొందఱు తామే యీ వ్యాధిని, లేక దీని తోబుట్టువును, అనుభవించినవారగుట యీ చరిత్రమునందలి విశేషము.

చరకసంహితయందు శ్వాసరోగము లైదువిధములుగ జెప్పబడినవి. వానిలో తమకశ్వాసమే మన యుబ్బసము. పడుకొన్న నిది హెచ్చును. కూర్చున్న గొంత నెమ్మదించును. రోగి వెచ్చనివానిని గోరును. మబ్బు, వాన, చలి, తూర్పుగాలి దీనిని బెంచును. క్రొత్తగా వచ్చినదైన మానవచ్చుననియు, లేకున్న నదుపులో నుంచదగినదే యనియు నందు గలదు. రోగి ప్రక్కను రాత్రులు మేలుకొని చూచినవాడుగాని యిట్లు వ్రాయజాలడు. అయినను నాటి వైద్యులు కారణమును శరీరదోషములందు వెదకిరి. గాలిని బరీక్షించు సాధనములు వారికి లేవు.

1552 లో ఇటలీదేశపు వైద్యుడు కార్డానో స్కాట్లండునకు బోయి, అచ్చటి ఆర్చిబిషప్పు జాన్ హామిల్టనుకు జికిత్స చేసెను. ఆయన చెప్పిన నియమములలో, ఈకలతో గుట్టిన పరుపును విడువవలయునను నది యొకటి. రోగికి మేలు కలిగెను. పరుపునకును ఊపిరికిని గల సంబంధము నానాటివా రెవ్వరును వివరింపలేకపోయిరి.

1698 లో సర్ జాన్ ఫ్లాయరను నాంగ్లేయవైద్యుడు ఉబ్బసమును గూర్చి యొక గ్రంథమును బ్రకటించెను. ఆయన తానే యీ వ్యాధిచే బహుకాలము బాధపడినవాడు. ఒంటిగంటకో రెండుగంటలకో నిద్రనుండి మేల్కొల్పు ఆయాసమును, దాని రాకపోకలను, ఋతువుల మార్పులను ఆయన శ్రద్ధతో గుర్తించెను. ఆక్సుఫర్డునందు పండ్రెండేండ్లు నివసించినపు డాయనకు వ్యాధి చాల తగ్గియుండెనట. స్వస్థలమగు స్టాఫర్డుషైరునకు వచ్చినచో తొలిరాత్రియే తిరుగబెట్టెడిదట. పుట్టినయూరి గాలియే పగయగుట చిత్రము కదా! ఇంత బాధలోను ఆయన 1734 వఱకు జీవించి, ఎనుబదేండ్లు దాటినవాడై మరణించెను. తన రోగమును దాచుకొనక వ్రాసిపెట్టుటచే లోకమున కుపకార మొనర్చెను.

1860 లో హెన్రీ హైడ్ సాల్టరను మఱియొక యుబ్బసరోగి, వైద్యుడే, యింకొక గ్రంథమును వ్రాసెను. పల్లెగాలి పడనివారు కొందఱు లండను నడిబొడ్డున సుఖముగ నిద్రించుటను, పిల్లివంటి జంతువులు దగ్గరకు వచ్చిన నాయాసము పుట్టుటను ఆయన చూపెను. దీనితో చలియు వానయు మాత్రమే శత్రువులను నమ్మకము సడలినది. పిమ్మట మాంచెస్టరు వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ, పుప్పొడివలన తాను తుమ్ములతో బాధపడినవాడు, జిగురుపూసిన గాజుపలకలను గాలిపటములకు గట్టి వేయి యడుగులకు బైగా నెగురవేసి, యంత యెత్తునను పుప్పొడి యున్నదని చూపెను. 1873 లో ఆయన యా ఫలితములను బ్రకటించెను. పిల్లల యాటవస్తువొకటి యిట్లు గాలి గుట్టును బయటబెట్టినది.

కార్డానో నాటి పరుపు చిక్కు 1960 దశకమున విడినది. పరుపులలోను దిండ్లలోను మన చర్మమునుండి రాలు పొట్టును దిని బ్రదుకు సూక్ష్మమైన ధూళిపురుగు లుబ్బసమును రేపునని హాలండు శాస్త్రజ్ఞులు చూపిరి. గాలిలో చెమ్మ హెచ్చిన నవి వృద్ధిపొందును. గోడలపై బూజు పట్టును. వానకాలపు బాధకు ఇంటిలోపలి కారణమిది. చల్లని పొడిగాలి శ్వాసనాళముల లోపొరను ఎండజేసి వానిని బిగియించును. చలికాలపు వేకువలందు గాలి కదలక, పొయ్యిపొగయు వీధిపొగయు నేలను వదలవు. ఋతువు మారునపుడు వ్యాపించు జలుబు వీనికి దోడగును. 2016 నవంబరు 21వ తేదీన ఆస్ట్రేలియాలోని మెల్బోర్నులో నురుములతో గూడిన గాలివాన వచ్చినపుడు, తడిసిన గడ్డిపుప్పొడి చిట్లి, సూక్ష్మకణములై, ఊపిరితిత్తుల లోతులకు జొచ్చెను. వేలకొలది జనులు ఆసుపత్రులకు బరుగెత్తిరి, పదిమంది మరణించిరి. అంతకుముందు ఉబ్బస మెఱుగనివారును వారిలో నుండిరి.

ఔషధముల చరిత్రమున మన ప్రాంతమునకును పాలు గలదు. ఎండిన ఉమ్మెత్తను గాల్చి పొగబీల్చుట మనదేశపు పాతచికిత్స. 1802 లో జనరల్ జెంట్ అను సేనాని దీనిని మద్రాసునుండి బ్రిటనుకు దెలియజేసెను. పిదప నుమ్మెత్తచుట్టలు ఐరోపాలో నంగళ్ల నమ్మబడినవి. అది విషమొక్క, మోతాదు తప్పిన మతి చలించును, ప్రాణము పోవును. ఆ జాతి మొక్కలలోని సారమును సవరించి, 1970 దశకమున నపాయము తక్కువగల పీల్చుమందును జేసిరి. అంతకుముందే, 1955 లో అమెరికాలో ఉబ్బసముతో బాధపడు పదుమూడేండ్ల బాలిక, తలకు జల్లు పరిమళమువలె మందును నేల చల్లరాదని తండ్రి నడిగినది. ఆయన మందులసంస్థ నడుపువాడు. మరుసటియేడే నేటి ఇన్‌హేలరుకు మూలరూపము వెలువడినది. 1972 నుండి శ్వాసనాళముల వాపును దగ్గించు పీల్చుమందులును వచ్చినవి.

మన హైదరాబాదునందు మృగశిరకార్తె దినమున, సాధారణముగ జూను నెలలో, కొరమీనుపిల్ల నోట మందుంచి యుబ్బసరోగులచే మ్రింగించుట వాడుక. బత్తిని వంశీయులు దీనిని 1845 నుండి తమ కుటుంబము నడుపుచున్నదని చెప్పుదురు, వేలకొలది జనులు వత్తురు, రుసు మడుగరు. తొలకరియే యీ రోగికి కష్టకాలమని యెఱిగినవారే యా దినమును నిర్ణయించిరని తోచును. అంతవఱకు వారి పరిశీలన మెచ్చదగినదే. కాని యా మందు గుణము శాస్త్రపరీక్షచే నిరూపితము కాలేదు. దానిని మ్రింగితిమను ధైర్యముతో నిత్యౌషధమును మానుట మాత్రము ప్రాణముతో జూదమాడుట.

గృహస్థులారా, మన యిండ్లలో నింకను మార్పు కావలయును. కూతునకు ఉబ్బస మున్నదని తెలిసిన పెండ్లి కుదరదని, తల్లిదండ్రులు దానిని దాచుదురు. పరులయెదుట ఇన్‌హేలరు తీయవలదని యామెకు బోధింతురు. అత్తవారింట నామె పొగపొయ్యిముందు దగ్గుచు, రాత్రి మందులేక, నోరువిప్పక కూర్చుండును. ఇది సిగ్గుపడవలసిన రోగము కాదు, అంటురోగమును కాదు. పీల్చుమం దలవాటుపడునను మాట నిజముకాదు. వైద్యుడు చెప్పిన దినవారీమందు నాయాసము లేని దినములందును మానరాదు.

ఫ్లాయరువలె మనమును ఒక చిన్నపుస్తక ముంచుకొందము. ఆయాసము వచ్చిన దినము, గంట, మబ్బు, చలి, ఇల్లూడ్చిన ధూళి, పూచిన వయ్యారిభామ, వంటపొగ — అన్నియు వ్రాయుదము. నెల తిరుగునప్పటికి శత్రువెవరో కొంత తెలియును. పరుపు నెండనుంచుట, దుప్పట్లను వేడినీట నుతుకుట, పొగను బయటకు బంపుట కష్టమైన పనులు కావు. మాట పూర్తిగా రానంత యాయాసము కలిగిన, పెదవులు నీలివన్నెకు దిరిగిన, మబ్బు విడుటకు వేచియుండక వెంటనే యాసుపత్రికి జేర్చవలయును.

మేఘమును మన మాపలేము. దాని రాకకు వానకాలమున మన మందఱమును సంతసింతుము. ఆ సంతోషమున మంచపుపట్టె పట్టుకొన్న యా బిడ్డకును పాలు దక్కునట్లు చేయుట మాత్రము మన చేతిలోని పని.