2¹²⁷–1: భాగహారం లేకుండా నిరూపితమైన ప్రధాన సంఖ్య

1644లో ఫ్రెంచి మతాచార్యుడు మారిన్ మెర్సెన్ ఒక గ్రంథపు పీఠికలో సాహసోపేతమైన ప్రకటన చేశాడు. ఘాతాంకం 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అయినప్పుడు ఆ 2 ఘాతంలోంచి 1 తీసివేయగా వచ్చేది ప్రధాన సంఖ్య అనీ, 257 లోపు మరే ఘాతాంకానికీ అలా జరగదనీ దాని సారాంశం. నిరూపణ ఇవ్వలేదు. 67, 257 తప్పుగా చేరాయని, 61, 89, 107 జారిపోయాయని తేలడానికి దాదాపు మూడు శతాబ్దాలు పట్టింది. ఈ పట్టికలో 127 సరైనదే. అయితే దానిని మెర్సెన్ జ్ఞానానికి సాక్ష్యంగా తీసుకోవడం సమంజసం కాదు. అది ఫలించిన ఊహ మాత్రమే.

1772లో ఆయిలర్ 2³¹–1 ప్రధాన సంఖ్యేనని చూపాడు. ఆయన మార్గం భాగహారమే. కారణాంకాలు కాగల సంఖ్యల రూపాన్ని ముందే నిర్ణయించి, వాటితో మాత్రమే భాగించి చూశాడు. 2¹²⁷–1 విషయంలో ఆ దారి మూసుకుపోయింది. ఈ సంఖ్యలో 39 అంకెలు, దాని వర్గమూలంలోనే 20 అంకెలు ఉన్నాయి. పరీక్షించవలసిన భాజకాలను ఎంత వడపోసినా మిగిలేవి మనిషి ఆయుష్షుకు అందవు.

1876లో ఎదువార్ లూకా ప్రశ్ననే మార్చాడు. ఆయన పద్ధతి ఇది: 3తో మొదలుపెట్టి, ప్రతి పదాన్నీ వర్గం చేసి 2 తీసివేయాలి, వచ్చినదాన్ని పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషాన్నే ఉంచుకోవాలి. 2⁷–1, అంటే 127కు ఈ శేషాలు వరుసగా 3, 7, 47, 48, 16, 0. ఆరవ పదం సున్న అయింది కనుక 127 ప్రధాన సంఖ్య. (4తో భాగిస్తే 3 శేషంగా మిగిలే ప్రధాన ఘాతాంకాలకు ఈ ఆరంభం చెల్లుతుంది.) 2¹²⁷–1కు 126వ పదం చూడాలి. అంటే 39 అంకెల వరకు పెరిగే సంఖ్యలతో 125 వర్గీకరణలు. శ్రమ అపారమే, కాని అసాధ్యం కాదు. ద్విసంఖ్యామానంలో ఈ లెక్కను 127 గడుల భుజం గల చదరంగపు బల్లపై ఆటగా ఆడవచ్చని లూకా వివరించాడు.

ఈ పరీక్షలోని విశేషం 67 దగ్గర మరింత స్పష్టమవుతుంది. 2⁶⁷–1 సంయుక్త సంఖ్య అని లూకా 1876లోనే తేల్చాడు, కారణాంకం ఒక్కటీ తెలియకుండానే. 193707721, 761838257287 అనే కారణాంకాలను ఫ్రాంక్ నెల్సన్ కోల్ 1903లో ప్రకటించాడు. జనప్రియ గణిత చరిత్రలు కోల్ సభాఘట్టాన్నే పదేపదే చెబుతాయి. సంఖ్య స్వభావాన్ని తెలుసుకోవడం, దానిని విడగొట్టడం రెండు వేర్వేరు పనులని అప్పటికి 27 ఏళ్ల ముందే రుజువైన సంగతి మరుగున పడుతుంది.

లూకా సిద్ధాంత నిరూపణల్లో ఖాళీలు లేకపోలేదు. 1930లో డి.హెచ్. లేమర్ వాటిని పూరించి పరీక్షకు నేటి రూపం ఇచ్చాడు. తెలిసిన ప్రధాన సంఖ్యలన్నింటిలో పెద్దదిగా 2¹²⁷–1 మాత్రం 1951 వరకు నిలిచింది. ఆ ఏడాది ఫెరియే మేజాబల్ల గణనయంత్రంతో 44 అంకెల ప్రధాన సంఖ్యను సాధించాడు. అదే ఏడాది కేంబ్రిడ్జిలో మిల్లర్, వీలర్ ఎడ్సాక్ కంప్యూటరుపై 79 అంకెల సంఖ్యను కనుగొన్నారు. అది 180 × (2¹²⁷–1)² + 1. లూకా సంఖ్యను మించినది దాని వర్గం మీదనే నిర్మితమైంది.