కాపీ దించే రాత్రి

రాత్రి పదకొండున్నర. పొదిలిలో మేడ మీద గది. మార్కాపురం వైపు పోయే బస్సు హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. కింద వీధిలో రేపటి నీళ్ల ట్యాంకర్ కోసం డ్రమ్ములు ఇప్పుడే వరస కట్టాయి. కుర్చీ దగ్గరికి లాక్కోండి, స్క్రీన్ కనబడాలి.

ఆసుపత్రి అపాయింట్‌మెంట్ల డేటాబేస్ ఇది. పోస్ట్‌గ్రెస్. ఈ వేళప్పుడు కూడా ఎవరో ఒకరు బుక్ చేసుకుంటూనే ఉన్నారు. డెవలపర్లకు దీని కాపీ కావాలి. అసలు సర్వర్ జోలికి పోకుండా, దాని మార్పులు అందుకుంటూ నడిచే నకలు, అంటే రెప్లికా మీద పీజీ డంప్ మొదలుపెట్టాను. మొదలైన క్షణాన డేటా ఎలా ఉందో అలాగే దిగుతుంది, మధ్యలో ఎన్ని బుకింగులు పడినా సరే.

పదో నిమిషంలో ఎర్రర్. రికవరీతో పేచీ వచ్చి డంప్ ఆగిపోయింది. అసలు సర్వర్‌లో చెరిపేసిన పాత వరసలు ఇక్కడ మనం ఇంకా చదువుతున్నాం. ఇలాంటప్పుడు రెప్లికా మామూలుగా 30 సెకన్లే ఓర్చుకుంటుంది. అసలు సర్వర్ మార్పులు ఇక్కడ ఎక్కే పని, అదే రీప్లే, ఆపి మళ్లీ మొదటి నుంచి.

పన్నెండు దాటాక, నాతో పనిచేసే కుర్రాడి ఫోన్. "అన్నా, డంప్ అయిపోయింది. నా లాప్‌టాప్‌లోకి దించుకోనా?"

"ఆగు తమ్ముడూ. ముందు రీప్లే వదులు. మాస్కింగ్ కాకుండా, అంటే పేర్లూ నంబర్లూ మార్చకుండా, అది గడప దాటకూడదు."

ఇంటర్నెట్ తగలని సర్వర్‌లోకి ఎక్కించాం. ఎస్‌ఎంఎస్ గేట్‌వే కీలు ముందే పీకేశాం, టెస్టింగ్ మెసేజ్ ఏ రోగి ఫోనుకూ పోకూడదు. ఫోన్ నంబర్లను ఉత్త హ్యాష్ చేస్తే చాలదు. 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పదంకెల నంబర్లు మొత్తం 400 కోట్లే; అన్నీ వేసి చూసి అసలుది పట్టేయొచ్చు. అందుకే రహస్య కీ కలిపి మారుస్తాం. ఒక మనిషికి అన్ని టేబుళ్లలోనూ ఒకే ఉత్తుత్తి నంబరు రావాలి, లేకపోతే లింకులు తెగిపోతాయి.

ఇదిగో, ఈ వరస చూడండి. పేరు మారింది, నంబరు మారింది. చివర 'గమనిక' గడిలో మాత్రం, "ఆమెకు ఫోను లేదు, పక్కింటి కొట్టుకు చెయ్యండి" అని రాసి, పది అంకెలు. మన స్క్రిప్టుకు చిక్కలేదు. ఆ కాలమ్ మొత్తం ఖాళీ చేసేశాను. అది లేకపోయినా డెవలపర్ పని ఆగదు.

2018లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్ష మందికి పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు బయటపడ్డాయి. ఇల్లు కావాలని ప్రభుత్వానికి వివరాలిచ్చిన వాళ్లవి. ఈ కొట్టు నంబరు చూస్తుంటే నాకు వాళ్లే గుర్తొచ్చారు.

రెండైంది. "ఇక దించుకో తమ్ముడూ."

మీ లాప్‌టాప్‌లో మాస్కింగ్ చెయ్యని పాత డంప్ ఫైలేదైనా పడి ఉంటే, దయచేసి ఈ రాత్రే చెరిపెయ్యండి.