ఇంజను ఆగిన హెలికాప్టరు

హెలికాప్టరు ఇంజను ఆగితే రాయిలా పడిపోతుందని మన గుడియాత్తంలో చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతారు. విమానానికైతే రెక్కలున్నాయి, జారుకుంటూ దిగుతుంది, దీనికేముంది అంటారు. నేను బీకాం చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునేవాణ్ణి. అయినా కాట్పాడి నుంచి చెన్నై పోయే బండిలో, అరక్కోణం దగ్గర హెలికాప్టర్లను చూసి చూసి, ఈ విషయం మీద దొరికినదల్లా చదివాను. 2019లో రాణిపేట జిల్లా ఏర్పడేదాకా అరక్కోణం మన వేలూరు జిల్లాలోదే. అక్కడి ఐ.ఎన్.ఎస్. రాజాలి 1992 మార్చిలో ప్రారంభమైంది. నౌకాదళ హెలికాప్టరు పైలట్లు శిక్షణ పొందేది అక్కడే. ఇంజను శక్తి లేకుండా దిగడం ఏ హెలికాప్టరు పైలటైనా నేర్వవలసిన పాఠమే.

తుమ్మముల్లుకు తాటాకు గుచ్చి పరుగెత్తిన పిల్లలకు దీని కిటుకు తెలుసు. గాలి లేని రోజున కూడా మనం పరుగెత్తితే తాటాకు తిరుగుతుంది. సైకిలు తొక్కడం మానినా వెనకచక్రం తిరుగుతూనే ఉంటుంది కదా, అలాగే ఇంజను ఆగగానే దానికీ పై రెక్కలకూ ఉన్న లంకె విడిపోతుంది. పైలట్ వెంటనే, ఒకటి రెండు క్షణాల్లోనే, ఎడమచేతి మీటను దించి రెక్కల వాలు తగ్గించాలి. అప్పుడు దిగుతున్న యంత్రానికి కిందినుంచి ఎదురొచ్చే గాలే రెక్కలను తిప్పుతుంది. మా భాషలో చెప్పాలంటే ఎత్తు అతని డిపాజిట్టు. రాబడి ఆగిన క్షణం నుంచి దాన్నే కొద్దికొద్దిగా తీసి వాడుకుంటాడు. నేల దగ్గర పడ్డాక ముక్కు పైకెత్తి వేగం తగ్గించి, మీట లాగి, రెక్కల తిరుగుడులో మిగిలిన రొక్కమంతా ఒక్కసారిగా ఖర్చుపెట్టి మెల్లగా దిగుతాడు. రెండో అవకాశం లేదు. తక్కువ ఎత్తులో, వేగం లేకుండా నిలిచి ఉన్నప్పుడు ఇంజను పోతే మాత్రం డిపాజిట్టు లేనివాడి గతే.

ఈ విద్య హెలికాప్టరు కంటే పాతది. స్పెయిన్ దేశస్థుడు హువాన్ దె లా సియెర్వా 1923లో ఎగరేసిన ఆటోజైరోలో పై రెక్కలకు ఇంజను ఊతమే లేదు, గాలికే తిరిగేవి. 1937 మే 10న జర్మనీలో ఫోకె-వుల్ఫ్ 61 అనే హెలికాప్టరును ఇంజను ఆపివేసి దించారు.

అన్నిటికంటే నన్ను పట్టిన కథ ఫ్రాన్సుది. హిమాలయాల ఎత్తుల్లో పనిచేసే యంత్రం కావాలని 1960ల చివర మన సైన్యం అడిగితే అక్కడ తయారైంది లామా. దాన్నే బెంగళూరు హెచ్.ఎ.ఎల్. చీతా పేరుతో కట్టింది. 1972 జూన్ 21న జాఁ బూలే ఒక లామాను 12,442 మీటర్లకు ఎక్కించాడు. ఎవరెస్టు కంటే మూడున్నర కిలోమీటర్లు పైన. దిగబోతూ శక్తి తగ్గించగానే ఇంజను ఆరిపోయింది, మళ్ళీ రాజుకోలేదు. అక్కడినుంచి నేలదాకా గాలి మీదే దిగాడు. అప్పటికి ఆయన వయసు 51, ఇంచుమించు నా ఈడే!

మరి మనవాళ్ళ భయం ఎక్కడిది? 2009 సెప్టెంబరు 2న నల్లమలలో రాజశేఖరరెడ్డి గారు పోయారు. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర జనరల్ రావత్‌తో పాటు అప్పటి చిత్తూరు జిల్లా బిడ్డ, లాన్స్ నాయక్ సాయితేజ పోయాడు. ఆ రెండు హెలికాప్టర్లకూ రెండేసి ఇంజన్లున్నాయి. కూనూరులో మబ్బుల్లో దూరి పైలట్‌కు దిక్కు తెలియకపోవడమే కారణమని దర్యాప్తు తేల్చింది. నల్లమలలోనూ చెడ్డ వాతావరణమే. గాలి మీద దిగాలన్నా ముందు నేల కనబడాలి.

సియెర్వా సంగతి కూడా చెప్పాలి. 1936 డిసెంబరు 9న లండన్ దగ్గరి క్రోయ్డన్‌లో ఆయన ఎక్కింది మామూలు ప్రయాణికుల విమానం. పొగమంచులో పైకి లేచిన కాసేపటికే అది కూలిపోయింది.