చేమిరి చరిత్రము



పాలు తోడుపెట్టుటకై చుక్క మజ్జిగ యడుగుట మన యూళ్ళలో నెవరును చిన్నతనముగా నెంచరు. బియ్యము బదులడుగుటకు వెనుదీయు గృహిణియైనను చేమిరికై పొరుగింటి గడప నిస్సంకోచముగా దొక్కును. ఇచ్చినవారికి తరుగు లేదు. పుచ్చుకొన్నవారు మరల తీర్పనక్కరలేదు. ఆ పిడతలో నొక యింటినుండి మరియొక యింటికి పోవునది పులిసిన మజ్జిగ మాత్రమే కాదు, ప్రాణముగల జీవుల మంద. ఈ జీవులను మానవుడెట్లు గుర్తించెను, వాని సాయమున మన యాంధ్రుడొకడు ఎట్టి రోగమునకు మందు సాధింపగలిగెను అనునదే నేటి నా ప్రసంగము.

మన కావలి ప్రాంతము నీటికిని మెట్టకును నడిమి సీమ. తూర్పున సముద్రము, పడమట ఉదయగిరి వైపున మెట్టపొలములు. పల్లపు గ్రామములలో మొలగొలుకుల యన్నము, మెట్టయూళ్ళలో జొన్న, రాగి, సజ్జ పూర్వమునుండియు భుజించుచు వచ్చిరి. ఇచ్చటి వేసవియెండకు పగలు వండినది రాత్రికి నిలుచుట కష్టము. అయినను రాత్రి మిగిలిన యన్నములో నీళ్ళు పోసి యుంచినచో తెల్లవారునప్పటికది చద్దియగునే గాని చెడిపోదు. చెడుట వేరు, పులియుట వేరు. ఈ భేదము నెరిగియే కాపులు చద్దిమూట గట్టుకొని పొలమునకు బోయిరి. కృష్ణా గోదావరీ సీమలలో తరవాణి కుండయనియు, మెట్టనాట పులిసిన యంబలియనియు వ్యవహరింపబడునవి యీ తెగలోనివే. సంస్కృతమున దీనిని కాంజికమందురు. అమరకోశమున ధాన్యామ్లము, ఆరనాలకము, సౌవీరము అను పేరులును కలవు. ఒక వస్తువున కిన్ని పేరులున్నవన్నచో నది లోకమున నెంత వాడుకలో నుండెనో యూహించుకొనవచ్చును.

పెరుగు మాట యింకను ప్రాచీనము. తైత్తిరీయ సంహితయందు పాలు తోడుపెట్టుటకు బియ్యపుగింజలు, రేగుపండ్లు, మోదుగపట్ట, పూతీకయను తీగ, పెరుగు అనువానిని వాడుట చెప్పబడియున్నది. పెరుగు లేనిచోట బియ్యము వేయుట వింతగా దోచవచ్చును; కాని ధాన్యపుగింజల పైపొరను, పండ్ల తొక్కను ఈ జీవులు సహజముగానే యంటియుండును. చేమిరి దొరకనప్పుడు మిరపకాయ తొడిమలు వేసి పాలు తోడుపెట్టువారు నేటికిని గలరు. మిరప మన దేశమునకు పోర్చుగీసువారి రాకకు తరువాత వచ్చినదే గాని, తొడిమ వేయు నుపాయము మాత్రము రేగుపండు వేసినవారి యుపాయమునకు మనుమడు.

ఇడ్డెనల సంగతియు నొక మాట. 12వ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజగు సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున ఇడ్డరికయను వంటకము మినపపిండితో చేయునదిగా వర్ణింపబడినది. బియ్యము కలుపుట అందు లేదు. నేటి పిండి రాత్రికి రాత్రి పొంగుటకు ల్యూకోనాస్టాక్ అను జాతి జీవి ముఖ్యకారణమని 1965లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. అది పులుపుతోబాటు వాయువును గూడ పుట్టించును. ఆ వాయువే యిడ్డెనలోని గుల్లదనము.

ఇక దీని మర్మము. పాలలో నించుమించు నూటికి 5 పాళ్ళు చక్కెర గలదు. ఈ సూక్ష్మజీవులు ఆ చక్కెరను దిని, దానిని లాక్టిక్ ఆమ్లముగా, అనగా క్షీరామ్లముగా మార్చి విడుచును. ఆమ్లము పెరిగినకొలది పాలలోని కేసీనను మాంసకృత్తు నీటిలో విడివిడిగా నిలువలేక ఒకదానినొకటి పట్టుకొని గడ్డకట్టును. అదియే పెరుగు. పాలు కాచునప్పుడు మంచి చెడ్డ జీవులు మిక్కిలి చచ్చును గావున మరల మంచివానిని మనమే వేయవలసియున్నది, అదియే తోడు. మిక్కిలి వేడిపాలలో వేసినచో తోడే చచ్చును. చలిదినములలో జీవులు మందగించును గనుకనే పాలకుండను పొయ్యిగడ్డ దగ్గర నుంచుట. పులుపు హెచ్చినకొలది కలరావంటి రోగముల క్రిములు బ్రదుకలేవు. ఇది పులిసిన యాహారమునకు గల గొప్ప గుణము. అయినను క్షయక్రిమి పెరుగులో గూడ బ్రదికియుండగలదు. కావున పచ్చిపాలు తోడుపెట్టి త్రాగుట క్షేమము కాదని గట్టిగా చెప్పవలసియున్నది.

పాశ్చాత్య దేశములలో నీ విద్య మొదట రసాయనశాస్త్రజ్ఞుల చేతబడెను. 1780లో స్వీడను దేశమున షీలే అను నౌషధకారుడు పులిసిన పాలనుండి ఈ ఆమ్లమును వేరుచేసెను. అది యేల పుట్టుచున్నదో మాత్రము మరి 77 ఏండ్లవరకు తెలియలేదు. 1856లో ఫ్రాన్సు దేశమున లిల్ పట్టణమందలి కళాశాలలో లూయీ పాశ్చర్ ఆచార్యుడుగా నుండెను. ఆ యూర బీటుదుంపనుండి సారాయి దీయు కర్మాగారమువా డొకడు తన తొట్లలో కొన్నిటియందు సారాయి పుట్టక పులుపు పుట్టుచున్నదని మొరపెట్టుకొనెను. పాశ్చర్ రెండు తరగతుల తొట్లనుండియు నీటిబొట్లను దెచ్చి సూక్ష్మదర్శినిలో జూచెను. మంచి తొట్లలో గుండ్రని కిణ్వకణములు కనబడెను. పులిసిన తొట్లలో వానికంటె మిక్కిలి చిన్నవి, పొడవైనవి, చీమల బారువలె కదలాడుచుండెను. ఆయన ఆ పులిసినదానిలో రవంత తీసి, చక్కెరనీటిలో సీమసున్నపు పొడితో గలిపి వెచ్చగా నుంచెను. అదియు పులిసెను. మరల నందుండి రవంత తీసి వేరొక పాత్రలో వేసెను, అదియు పులిసెను. ఈ పరిశోధన నాయన 1857లో ప్రకటించెను. జర్మనీ దేశపు మహారసాయనికుడు లీబిగ్ పులియుట నిర్జీవపదార్థముల విచ్ఛేదము మాత్రమేనని వాదించి దీనిని చాలకాల మొప్పుకొనలేదు.

పాశ్చర్ చేసిన పనిని మన భాషలో చెప్పవలసినచో, ఆయన చేమిరి వేసెను. ఇట్లన్నంతమాత్రమున మన పూర్వులకు సర్వము తెలియునని చెప్పుకొనుట నాకు సమ్మతము గాదు. మన గృహిణులు వేలయేండ్లు నడిపినది చేతిపని. దానికి కారణమును వెదకి పట్టుకొన్న కీర్తి పాశ్చర్‌కే చెల్లును. కారణము తెలిసినందువలననే తరువాతి మేళ్ళన్నియు గలిగినవి.

1878లో లండనునందు శస్త్రవైద్యుడగు లిస్టర్ పులిసిన పాలను నీటితో పలుచన చేయుచు బోయి, ఒక్క బొట్టులో నొక్క జీవిమాత్రమే నిలుచునట్లు సాధించి, ఒకే జాతి క్రిమిని ప్రత్యేకముగా పెంచెను. 1905లో గ్రిగొరొవ్ అను బల్గేరియా యువకుడు తన దేశపు పెరుగులో నొక కడ్డీ యాకారపు జీవిని గనుగొనెను. పారిసునందు మెచ్నికాఫ్ అను పండితుడు బల్గేరియా రైతుల దీర్ఘాయువునకు పెరుగే కారణమని నమ్మి, తానును ప్రతిదినము పుల్లనిపాలు సేవించి, లోకమునకెల్ల బోధించెను. ఆయన 71వ యేట పరమపదించెను. ఆయన చెప్పినంత యాయుర్వృద్ధి ఋజువు కాలేదు గాని, ఆయన ధర్మమా యని పెరుగుక్రిమికి లోకప్రఖ్యాతి గలిగెను. ఆ బల్గేరియా క్రిమినే 2012లో హైదరాబాదున జరిగిన జీవవైవిధ్య మహాసభ సమయమున భారత ప్రభుత్వము జాతీయ సూక్ష్మజీవిగా ప్రకటించెను. పులికిని నెమలికిని సరసన మజ్జిగపురుగునకు పీట వేసినారని నవ్వుకొనవచ్చును. అయినను మన ప్రాణములకు పులికంటె నదియే యెక్కువ మేలుచేసినది.

ఎట్లనగా, గ్రహణి రోగమును మీలో చాలమంది యెరుగుదురు. విరేచనములు కట్టక, నాలుక పూసి, తిన్నది వంటబట్టక, నెత్తురు పలచబడి, మనుష్యుడు నెలలతరబడి శుష్కించి పోవును. ఇంగ్లీషు వైద్యులు దానిలో నొక విధమును స్ప్రూ అందురు. ఆయుర్వేదము గ్రహణికి తక్రమును, అనగా మజ్జిగను, పథ్యములలో శ్రేష్ఠముగా నెంచినది. ఈ స్ప్రూ రోగమున భీమవరమున 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిరువురు స్వల్ప వ్యవధిలో నొకరివెనుక నొకరు మృతిజెందిరి. ఆయనకును ఆ రోగము సోకెను. మదరాసులో ఆయుర్వేద వైద్యులగు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే నాయన కోలుకొనిరి. 1923లో నాయన అమెరికా జేరి, బోస్టనులో హార్వర్డు విద్యాలయమున పరిశోధనలు చేసి, 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్ గ్రామమున లెడర్లే ప్రయోగశాలలో ప్రవేశించి, త్వరలోనే పరిశోధనల కధ్యక్షులైరి.

అంతకు ముందే 1931లో లూసీ విల్స్ అను నాంగ్ల వైద్యురాలు బొంబాయిలోని పేద గర్భిణీస్త్రీల పాండురోగమునకు ఈస్టు సారము మందుగా పనిచేయుచున్నదని చూపియుండెను. కాని ఆ సారములోని గుణకారి యేదియో తెలియలేదు. దానిని పట్టియిచ్చినది పాలుపులియజేయు క్రిములే. లాక్టోబాసిల్లస్ కేసియై యను జాతి క్రిమి తనకు వలసిన యీ విటమినును తాను తయారుచేసికొనజాలదు. ఆ విటమిను లేని యాహారములో వేసినచో నది పెరుగదు, పులుపు పుట్టదు. కాలేయపు రసమును రవంత కలిపినచో పెరుగును, పులుపు పుట్టును. ఎంత పులుపు పుట్టినదో క్షారముతో గొలిచినచో, ఆ రసములో నెంత విటమిను గలదో లెక్క తేలును. బంగారమునకు గీటురాయి యెట్టిదో యీ మందునకు మజ్జిగక్రిమి యట్టిది. ఇట్టి క్రిమిపరీక్షతోనే టెక్సాసు విద్యాలయమువారు 1941లో నాలుగు టన్నుల పాలకూరనుండి యీ పదార్థమును వేరుచేయజూచి, ఆకునుండి వచ్చినది గావున ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. లెడర్లే శాలలో స్టోక్‌స్టాడ్ కాలేయమునుండి దానిని స్ఫటికములుగా దీసెను. 1945లో సుబ్బారావుగారి యాజమాన్యమున పనిచేసిన బృందము దానిని కృత్రిమముగానే నిర్మించెను. ఆ వెంటనే టామ్ స్పైస్ అను వైద్యుడు క్యూబా, పోర్టోరికో దీవులలో స్ప్రూ రోగుల కీ మందునిచ్చి గుణము చూపెను. ఇద్దరన్నదమ్ములను బలిగొన్న రోగమున కీ విధముగా మందు చేతికందెను.

మరియొక రకపు పాండురోగమున నరములు గూడ చెడును. అచ్చట ఫోలిక్ ఆమ్లము చాలదు. దానికి మందైన బి12 విటమినును 1948లో స్ఫటికముగా దీయుటకు దారిచూపినదియు నొక లాక్టోబాసిల్లస్ పరీక్షయే. దానిని కల్పించినది మేరీ షార్బ్ అను విదుషి. ఇంకొక విశేషము: పెరుగులోని క్రిములన్నియు ఫోలిక్ ఆమ్లమును దినునవి కావు. థెర్మోఫిలస్ అను గుండ్రని జాతి దానిని పుట్టించి పెరుగులో విడుచును.

క్రిమికి విటమిను దొరకనిచో పెరుగదని చూచితిమి గదా. మానవ శరీరమున అదుపుతప్పి పెరుగు కణములకును అది దొరకకుండ జేయవచ్చునా యను ప్రశ్న యిందుండియే పుట్టినది. సుబ్బారావుగారి శాలలో ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని చెరచు నమినోప్టెరిన్ అను మందును తయారుచేసిరి. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ 1947లో నెత్తురు క్యాన్సరుతో తీసికొనుచున్న పిల్లలకు దానినిచ్చెను. 1948లో ప్రకటింపబడిన లెక్క ప్రకారము 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడెను. ఆ గుణము తాత్కాలికమే యైనను, అంతకుముందు వారికి మందే లేదు. ఆ సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు తమ 53వ యేట పెర్ల్ రివర్‌లో కన్నుమూసిరి. అమినోప్టెరినునకు తోబుట్టువగు మెథోట్రెక్సేటు నేటికిని పిల్లల నెత్తురు క్యాన్సరునకు, కీళ్ళవాతమునకు ఆస్పత్రులలో నిచ్చుచున్నారు.