ఫిన్నిష్ లైను నుంచి తెలుగు లైను దాకా

1991 డిసెంబరులో వచ్చిన లినక్సు 0.11 సోర్సులో ఒక చిన్న ఫైలుంది. కంపైల్ చేసేవాళ్ళు ముందు దాన్ని తెరిచి తమ కీబోర్డు ఏ దేశానిదో చెప్పాలి. అమెరికాకు ఒక లైను, జర్మన్‌కు ఒకటి, ఫ్రెంచికి ఒకటి, ఫిన్నిష్‌కు ఒకటి. మూడు లైన్లు కామెంటులో నిద్రపోతుంటే ఫిన్నిష్ లైను ఒక్కటే మేలుకొని ఉండేది. రాసిన లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకీ కుర్రాడు మరి. సిద్దిపేటలో కూర్చుని ఆపరేటింగ్ సిస్టమ్ బిల్డ్ సెట్టింగుల చరిత్ర తిరగేస్తే నా చూపు ఈ నాలుగు లైన్ల దగ్గరే ఆగుతుంది. ఏ సెట్టింగైనా అడిగేది ఒకటే: ఈ యంత్రం ఎవరి కోసం?

ఆ ప్రశ్న లినక్సు కన్నా పాతది. 1975 నాటి ఆరో ఎడిషన్ యూనిక్సులోనే తమ దగ్గరున్న పరికరాల పేర్లు వరసగా ఇస్తే వాటికి సరిపడా పట్టికలు రాసిపెట్టే ప్రోగ్రాము ఉండేది. ఆ తర్వాత కెర్నెల్ కంపైల్ చేసుకునేవారు. మరుసటి ఏడాది బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' రాశారు. దాని పుట్టుక నాకు చాలా ఇష్టమైన కథ. ఆయన సహోద్యోగి ఒకరు పొద్దుటినుంచీ ఒక తప్పు కోసం వెతుకుతూ కూర్చున్నారట. తప్పు అప్పటికే దిద్దేశారు, కానీ దిద్దిన ఫైలును మళ్ళీ కంపైల్ చేయడం మరిచారు. ఏది పాతదో ఏది కొత్తదో ఫైలు మీదున్న సమయం చూసి తేల్చే పని మేక్‌కు అప్పగించారు. యాభై ఏళ్ళవుతున్నా కెర్నెల్ బిల్డ్ ఆ సూత్రం మీదే నడుస్తోంది.

ఆ సూత్రం ఎక్కడ మోసపోతుందో మా ఇంట్లోనే చూశాను. పాత డెస్క్‌టాప్ మీద రాత్రి బిల్డ్ పెట్టి పడుకుంటే నడిమధ్యలో కరెంటు పోయింది. పొద్దున్నే మళ్ళీ మేక్ అన్నాను. అయిన ఫైళ్ళ జోలికి పోకుండా చకచకా ముందుకెళ్ళి, చివర్లో లింకింగ్ దగ్గర ఆగిపోయింది. వెతికితే ఒక ఆబ్జెక్ట్ ఫైలు సున్నా బైట్లు! కరెంటు పోయిన క్షణంలో రాస్తున్నది అదే. లోపల ఏమీ లేకున్నా సమయం కొత్తది కాబట్టి మేక్ దాన్ని నమ్మింది. దాన్ని చెరిపేస్తే గాని పని సాగలేదు.

తొంభైల లినక్సులో కెర్నెల్ సెట్టింగుల ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. ఒక్క జవాబు తప్పితే మళ్ళీ మొదటికి. నీలం తెర మీద మెనూ వచ్చాక ప్రాణం తెరిపిన పడింది. 2002లో రోమన్ జిప్పెల్ రాసిన కేకాన్ఫిగ్ అనే సెట్టింగుల వ్యవస్థ కెర్నెల్లో చేరింది. ఇదే పనికి ఎరిక్ రేమండ్ అంతకుముందు తెచ్చిన సీఎమ్ఎల్2ను పక్కన పెట్టడం మంచిదే అయిందని నా అభిప్రాయం. పాతదాన్నంతా ఒక్కసారిగా మార్చేయబోయిన పని అది. ఈరోజు కెర్నెల్లో పది వేలకు పైగా సెట్టింగులున్నాయి. చాలావాటికి మూడే జవాబులు: వై అంటే కెర్నెల్లోనే కలిపెయ్, ఎమ్ అంటే విడి మాడ్యూలుగా ఉంచు, ఎన్ అంటే వద్దు. డిస్కు డ్రైవరుకు ఎమ్ కొట్టి, బూట్ సమయంలో ఆ మాడ్యూలును అందించే ఏర్పాటు చేయలేదనుకోండి. డిస్కు తెరవడానికి మాడ్యూలు కావాలి, మాడ్యూలేమో డిస్కులోనే ఉంది. యంత్రం రూట్ దొరకలేదని పానిక్ అయి ఆగిపోతుంది. ముందు చేసిన ఎంపిక తర్వాత మారదన్న సంగతి గొల్లభామ చీర నేసే మా ఊరి చేనేతకారులకు వివరించక్కర్లేదు. పడుగు మగ్గమెక్కాక పోగుల లెక్క మారదు. మార్చాలంటే పడుగు దించాల్సిందే.

అదే 2002లో వచ్చిన జెంటూ లినక్సు 1.0 ఈ ఎంపిక స్వేచ్ఛను కెర్నెల్ దాటించి మొత్తం సిస్టమ్‌కు తెచ్చింది. ఏ ప్యాకేజీలో ఏ సదుపాయం ఉండాలో యూజ్ ఫ్లాగులతో చెప్పొచ్చు, భాషలతో సహా. ఫ్రీబీఎస్‌డీలోనూ అక్కర్లేని భాగాలను ఒక్కో లైనుతో తీసేయొచ్చు.

మరి తెలుగు లైను? లినక్సు పుట్టిన 1991లోనే యూనికోడ్ తొలి ప్రమాణంలో తెలుగుకు 128 స్థానాలు దక్కాయి. స్థానం దక్కినంత మాత్రాన అక్షరం కనబడదు. ఒత్తులూ గుణింతాలూ కలిపి చూపే ఇంజన్లు రావాలి, ఫాంట్లు రావాలి. దేశికాచారి రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్ భాండాగారంలో చేరాయి. 2005లో హైదరాబాదు కేంద్రంగా మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ, ఇంజనీరింగ్ విద్యార్థుల అనువాదాలతో డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసింది. 2007లో సీడాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్సు వచ్చింది. సోర్సు తెరిచి ఉండబట్టే ఇవన్నీ సాధ్యమయ్యాయి. ఎవరినీ అనుమతి అడగనక్కర్లేకపోయింది.

కెర్నెల్ గడప లోపల మాత్రం తెలుగు ఇంకా అడుగు పెట్టలేదు. బూట్ అయ్యేటప్పుడు కనిపించే నల్లతెర ఫాంటులో 512 ఆకారాలకు మించి పట్టవు, అక్షరాలను కలిపే తెలివి దానికి లేదు. తెలుగు పేరున్న ఫైలు అక్కడ డబ్బాలుగా కనిపిస్తుంది. కేకాన్ఫిగ్ మెనూను ఇతర భాషల్లో చూపే ఏర్పాటు ఒకప్పుడుండేది. 2018లో దాన్ని తీసేశారు. నాకు బాధ కలిగించిన మార్పు అది. సిద్దిపేటలో తొలిసారి ఆ నీలం మెనూ తెరిచే కుర్రాడికి వేల ప్రశ్నలూ ఇంగ్లిషులోనే ఎదురవుతాయి.

కెర్నెల్ పై అంతస్తులో సంగతి వేరు. డెబియన్లో లొకేల్ జాబితా ఫైలు తెరిస్తే వందల లైన్లు కామెంటులో నిద్రపోతుంటాయి, ఫిన్నిష్ కూడా అందులోనే. కిందికి పోతే భారతదేశపు తెలుగు లైను కనిపిస్తుంది. ముందున్న కామెంటు గుర్తు చెరిపి, లొకేల్ తయారుచేసే ఆదేశం ఇచ్చి, భాషను తెలుగుకు మార్చి, డెస్క్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి తేదీ అడిగాను. జవాబులో 'సోమవారం' అని వచ్చింది.